లుయీజీ కినెట్టి: స్పానరు నుంచి స్టీరింగుకు, అక్కడి నుంచి సొంత జట్టుకు

మీరు అడిగినవి రెండు సంగతులు. ఫెరారీ కార్లను అమెరికాకు తెచ్చిన లుయీజీ కినెట్టిని డ్రైవరుగా గుర్తుంచుకోవాలా, ప్రైవేటు జట్టు యజమానిగా గుర్తుంచుకోవాలా అన్నది మొదటిది. కంపెనీకి సొంత జట్టు ఉండగా అదే కంపెనీ కార్లతో ఇంకొకరు వేరే జట్టు నడపడంలో అర్థమేమిటి, అది డబ్బున్నవాళ్ల సరదా కాదా అన్నది రెండవది. నా వృత్తి పాత ఇంజన్లను విప్పి బిగించడం. అందుచేత నా జవాబులో మెకానిక్ పక్షపాతం కొంత కనిపిస్తే అది తెలిసి చూపినదే. నా దృష్టిలో కినెట్టి మొదటి నుంచి చివరి వరకు మెకానిక్కే. డ్రైవరుగా గెలిచినదీ, దుకాణదారుగా నిలబడినదీ, జట్టును పాతికేళ్లపాటు నడిపినదీ ఆ విద్యతోనే.

ముందుగా పేరు గురించి ఒక మాట. మన పత్రికల్లో అప్పుడప్పుడు ‘చినెట్టి’ అని రాస్తారు. ఇటాలియన్ భాషలో ఈ పేరు మొదట ఉన్న ‘ch’ అక్షరాల జంటను ‘క’ అనే పలుకుతారు కనుక ‘కినెట్టి’ అన్నదే సరైన ఉచ్చారణ.

ఆయన 1901 జులై 17న ఉత్తర ఇటలీలోని లొంబార్డీలో, మిలాన్‌కు వాయవ్యంగా ఉన్న జెరాగో అనే చిన్న ఊళ్లో పుట్టాడు. తండ్రి తుపాకులు తయారుచేసే పనివాడు. ఈ వివరాన్ని చాలామంది ఒక్క ముక్కలో చెప్పి దాటేస్తారు గానీ, లోహాన్ని వెంట్రుకవాసి తేడా లేకుండా అరగదీసి, ఒక భాగాన్ని మరో భాగంలో సరిగ్గా కూర్చోబెట్టే పని కళ్లముందు జరుగుతున్న ఇంట్లో పెరిగిన పిల్లవాడికి ఇంజన్ కొత్త వస్తువు కాదు. పదహారేళ్లకే అతడు మెకానిక్‌గా అర్హత సంపాదించి, 1917లో మిలాన్‌లోని ఆల్ఫా కర్మాగారంలో చేరాడు. తర్వాత ఆల్ఫా రోమియోగా పేరుపొందిన సంస్థ అదే. మూడేళ్లు గడిచాక మోడెనా నుంచి ఎంజో ఫెరారీ అనే యువకుడు అదే సంస్థలోకి వచ్చాడు. ఇద్దరికీ వయసులో పెద్ద తేడా లేదు, ఇద్దరి చేతిలోనూ డబ్బు లేదు. వారి పరిచయం అప్పుడు మొదలై, ఎన్నో తగువుల మధ్య, ఎంజో 1988లో చనిపోయేవరకు సాగింది.

ముస్సోలినీ పాలన నచ్చని కినెట్టి ఇటలీ విడిచి పారిస్ చేరి, అక్కడ ఆల్ఫా రోమియో కార్ల అమ్మకాలు, మరమ్మతులు చూసుకునేవాడు. తర్వాతి జీవితమంతా ఆయన చేసిన పనికి నమూనా ఇక్కడే తయారైంది. సంపన్నుడొకడు కారు కొంటాడు. ఆ కారును పోటీకి సిద్ధం చేయవలసింది మెకానిక్. ఆ మెకానిక్‌కు నడపడం కూడా చేతనైతే యజమాని పక్క సీటు అతడికే దక్కుతుంది. ఆ దారిలోనే కినెట్టి లె మాన్‌కు వెళ్లాడు.

లె మాన్ గురించి కొంచెం వివరంగా చెప్పకపోతే తర్వాతి కథ అర్థం కాదు. ఫ్రాన్స్‌లోని ఆ ఊరి రోడ్ల మీద 24 గంటలపాటు ఆగకుండా సాగే పోటీ అది. కినెట్టి కాలంలో ఒక చుట్టు పదమూడున్నర కిలోమీటర్లు, ఒక కారుకు ఇద్దరు డ్రైవర్లు. అక్కడ వేగం అవసరమే గానీ, తెల్లవారుజామున మూడు గంటలకు గేరు పెట్టెలోంచి వచ్చే కొత్త శబ్దాన్ని విని, అది ఇంకా ఎన్ని గంటలు బతుకుతుందో అంచనా వేయగల చెవి అంతకంటే అవసరం. వాల్వులు, క్లచ్, బ్రేకు షూలు, ఇంధన గొట్టాలు ఇవన్నీ పది గంటలకే అలసిపోతాయి. మిగిలిన పద్నాలుగు గంటలు వాటిని బుజ్జగిస్తూ నడపాలి.

1932లో కినెట్టి తన మొదటి లె మాన్ పోటీలోనే గెలిచాడు. కారు ఆల్ఫా రోమియో 8సీ 2300, సహచరుడు ఫ్రెంచివాడైన రేమొన్ సొమెర్. అయితే ఈ విజయాన్ని కినెట్టి ఖాతాలో పూర్తిగా రాయడం న్యాయం కాదు. ఆయన జబ్బుపడి ఎక్కువసేపు నడపలేకపోవడంతో సొమెర్ ఒక్కడే ఇరవై గంటలకు పైగా స్టీరింగు పట్టుకున్నాడు. ఈ సంగతిని గుర్తుపెట్టుకోండి, పదిహేడేళ్ల తర్వాత దీనికి జమాఖర్చు సరిపోతుంది.

మరుసటి ఏడు ఫిలిప్ వరాన్‌తో కలిసి దిగాడు. ఎదుట తాజియో నువొలారి, సొమెర్‌ల జంట, వారిదీ ఆల్ఫాయే. చివరి చుట్టులో ఆధిక్యం ఇటునుంచి అటు, అటునుంచి ఇటు మారింది. 24 గంటలు పరుగెత్తిన తర్వాత నువొలారికీ కినెట్టికీ మధ్య మిగిలిన దూరం సుమారు 400 మీటర్లు, కాలంలో పది సెకన్లు. ఆనాటి ప్రపంచంలోనే మేటి అనిపించుకున్న డ్రైవరుతో చివరి చుట్టు వరకు తలపడి ఆ మాత్రం తేడాతో ఓడినవాడిని కేవలం మెకానిక్ అని తీసిపారేయలేం. అదే ఏడు బెల్జియంలోని స్పా 24 గంటల పోటీని లుయీ షిరోన్‌తో కలిసి గెలిచాడు.

1934లో లె మాన్ మళ్లీ ఆయనదే, ఈసారి ఫిలిప్ ఎతాన్స్‌లాన్ జతగా. ఆ పోటీలో పెట్రోలు ట్యాంకు కారడం మొదలైతే నమిలిన చూయింగ్ గమ్‌తో ఆ చిల్లును మూసి నెట్టుకొచ్చారని చెబుతారు. మా షెడ్లలో సబ్బు ముక్క పెట్టి ట్యాంకు చిల్లు మూసిన మేస్త్రీలను చూసిన నాకు ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. సబ్బు పెట్రోలుకు కరగదు గనుక ఊరు చేరేవరకు నిలుస్తుంది. చేతిలో ఉన్నదానితో బండిని ఇల్లు చేర్చడం ఈ వృత్తి మొదటి పాఠం.

1940 మే నెలలో లూసీ ఒరైలీ షెల్ అనే అమెరికన్ మహిళ తన జట్టును, రెండు మజెరాటీ కార్లను ఇండియానాపొలిస్ 500 పోటీకి తీసుకువెళ్లింది. డ్రైవర్లు రెనె డ్రేఫస్, రెనె ల బెగ్. వారితో కార్లు చూసుకోవడానికి కినెట్టి వెళ్లాడు. పోటీ ముగిసిన కొద్ది రోజులకే, జూన్ 10న, ఇటలీ యుద్ధంలో దిగింది. ఫాసిస్టు ఇటలీకి తిరిగి వెళ్లే ఉద్దేశం లేని ఆయన న్యూయార్క్‌లోనే ఆగిపోయి, అక్కడ కార్ల మరమ్మతుల మీద బతికాడు. యుద్ధకాలపు ఆ ఆరేళ్లను జీవితచరిత్రల్లో ఒక్క పేరాలో ముగిస్తారు గానీ, అమెరికాలో డబ్బున్నవాళ్లకు ఏ కారు కావాలో, దానికి వాళ్లు ఎంత ఇవ్వగలరో ఆయన నేర్చుకున్నది ఆ సంవత్సరాల్లోనే అని నా అభిప్రాయం.

1946 క్రిస్మస్ సమయంలో ఆయన ఐరోపాకు వచ్చి మోడెనాలో ఎంజోను కలిశాడు. అప్పటికి ఎంజో చేతిలో ఉన్నది యుద్ధకాలంలో గ్రైండింగు యంత్రాలు తయారుచేసిన ఒక కర్మాగారం మాత్రమే. తన పేరుతో తొలి కారు, 125 ఎస్, ఇంకా రోడ్డెక్కలేదు, అది మరుసటి మార్చిలో వచ్చింది. యంత్రాల పని వదిలి కార్లు చెయ్యమనీ, చేసినవాటిని అమెరికాలో అమ్మిపెట్టే బాధ్యత తనదనీ కినెట్టి ఆయనకు నచ్చజెప్పాడు. ఈ ఒక్క సంభాషణతోనే ఫెరారీ కంపెనీ పుట్టిందనే వాదన అతిశయోక్తి. కార్లు చెయ్యాలన్న ఆలోచన ఎంజోకు అంతకు ముందు నుంచే ఉంది, ఇంజన్ పనులూ సాగుతున్నాయి. కానీ పోటీ కార్లు చెయ్యడం వేరు, వాటిని కొనేవాడిని చూపించడం వేరు. మాడిన ఐరోపాలో ఎవరి దగ్గరా లేని డాలర్లు ఏ ఊళ్లో ఉన్నాయో తెలిసినవాడు కినెట్టి.

అయితే పేరు లేని కారును ఎవరు కొంటారు? పేరు తేవాలంటే గెలవాలి. ఇక్కడే 1949 వస్తుంది.

యుద్ధం తర్వాత జరిగిన మొదటి లె మాన్ అది. జూన్ 25 మధ్యాహ్నం మొదలైంది. కినెట్టి నడిపినది ఫెరారీ 166 ఎంఎం, రెండే లీటర్ల ఇంజన్, కానీ అందులో పన్నెండు సిలిండర్లు. అంత చిన్న ఇంజన్‌ను పన్నెండు ముక్కలు చేస్తే ఒక్కొక్క సిలిండరు టీ గ్లాసంత ఉంటుంది. ఇటువంటి సున్నితమైన యంత్రం ఒక రాత్రి, ఒక పగలు నిలుస్తుందని నమ్మినవాళ్లు తక్కువ. ఎదుట ఉన్నవి పెద్ద ఇంజన్ల ఫ్రెంచి కార్లు. 166ను కొన్నది బ్రిటిష్ ప్రభువు లార్డ్ సెల్స్‌డన్. సహ డ్రైవరు కూడా ఆయనే.

సెల్స్‌డన్‌కు ఒంట్లో బాగోలేక కొద్దిసేపే నడపగలిగాడు. మిగిలిన 22 గంటలకు పైగా కినెట్టి ఒక్కడే నడిపాడు. ఇంకో మూడు వారాల్లో ఆయనకు 48 ఏళ్లు నిండబోతున్నాయి. తెరచిన కారు, పవర్ స్టీరింగు లేదు, బ్రేకుకు సాయమూ లేదు, రాత్రంతా ఎదురుగాలి, పొగ, నూనె వాసన. చివరి గంటల్లో క్లచ్ జారడం మొదలైంది. ఇంజన్ తిరుగుతూనే ఉంటుంది, చక్రాలకు మాత్రం బలం అందదు. వెనుక నుంచి లూవో అనే డ్రైవరు నడుపుతున్న దెలాజ్ అనే ఫ్రెంచి కారు దగ్గర పడుతోంది. క్లచ్ జారుతున్న బండిని అనుభవం లేనివాడు ఇంకా గట్టిగా తొక్కి గంటలో కాల్చేస్తాడు. తెలిసినవాడు యాక్సిలరేటరు సగమే తొక్కి, గేరు మార్చడం తగ్గించి, ప్లేటును చల్లబడనిచ్చి, మళ్లీ అవసరమైన చోట మాత్రమే వాడుకుంటాడు. ఆ లెక్క పుస్తకంలో ఉండదు, పాదానికి తెలియాలి. కినెట్టి వెనుకవాడితో ఉన్న దూరాన్ని కొద్దికొద్దిగా ఖర్చుపెట్టుకుంటూ, సుమారు 3,178 కిలోమీటర్లు పూర్తిచేసి మొదటివాడిగా గీత దాటాడు.

లె మాన్‌లో ఫెరారీకి అది మొదటి గెలుపు. కినెట్టికి మూడవది. అంతకు ముందు మూడుసార్లు గెలిచినవాడు వుల్ఫ్ బర్నాటో ఒక్కడే. 1932లో సొమెర్ తన కోసం మోసిన బరువును 1949లో సెల్స్‌డన్ కోసం తాను మోశాడు. పన్నెండు సిలిండర్ల ఇంజన్ నిలవదన్న మాట ఆ సాయంత్రంతో ముగిసింది. మీ మొదటి ప్రశ్నకు నేను ఇచ్చే జవాబులో సగం ఈ ఒక్క పోటీయే. నువొలారి అంత వేగం కినెట్టికి ఏనాడూ లేదు. కానీ ఆ క్లచ్‌తో ఆ కారును నువొలారి గమ్యం చేర్చి ఉండేవాడా అంటే నాకు అనుమానమే.

అదే ఏడు జాఁ లూకాస్‌తో కలిసి స్పా 24 గంటల పోటీ కూడా గెలిచి, మరుసటి ఏడు, 1950లో, ఆయన అమెరికా పౌరసత్వం తీసుకున్నాడు. 1951 నవంబరులో మెక్సికో దేశాన్ని దక్షిణం నుంచి ఉత్తరానికి చీల్చుకుంటూ వెళ్లే కరెరా పానమెరికానా పోటీలో పియెరో తారుఫీతో కలిసి గెలిచాడు. మొదటి రోజు టైర్లు చీలిపోయి వెనుకబడినా చివరికి మొదటి రెండు స్థానాలూ ఫెరారీలవే అయ్యాయి. అమెరికన్ కొనుగోలుదారులకు ఆ గెలుపు లె మాన్ కంటే దగ్గరగా తగిలింది, అందుకే కంపెనీ తన మరుసటి పోటీ కారుకు ‘మెక్సికో’ అనే పేరు పెట్టుకుంది. 1953 లె మాన్‌లో ఆయన సహ డ్రైవరు టామ్ కోల్ కారు అదుపు తప్పి చనిపోయాడు. 1932 నుంచి జరిగిన లె మాన్ పోటీలన్నిటిలోనూ దిగిన కినెట్టి ఆ తర్వాత అక్కడ ఇక డ్రైవరుగా దిగలేదు.

ఇక మీ రెండవ ప్రశ్నకు వస్తాను. న్యూయార్క్‌లో మొదలై తర్వాత కనెక్టికట్ రాష్ట్రంలోని గ్రీనిచ్‌కు మారిన కినెట్టి దుకాణం అమెరికాలో ఫెరారీ అమ్మకాలకు పునాది. 1949లో ఆయన బ్రిగ్స్ కన్నింగ్‌హామ్ అనే అమెరికన్ రేసరుకు అమ్మిన 166 స్పైడర్ కోర్సా ఆ దేశానికి చేరిన తొలి ఫెరారీలలో ఒకటి. కన్నింగ్‌హామ్ ఆ కారుతో అదే ఏడు వాట్‌కిన్స్ గ్లెన్ పోటీలో రెండవ స్థానంలో నిలిచాడు. కొనడానికి వచ్చినవాడు పోటీలో దిగుతాడు, పోటీలో దిగినవాడు మరుసటి ఏడు కొత్త కారు అడుగుతాడు, పాత కారు ఇంకొకడికి అమ్ముడుపోతుంది, ఈ మూడు చేతుల మీదుగా తిరిగే డబ్బులో దుకాణదారుకు కొంత మిగులుతుంది. దాన్ని ఆయన మళ్లీ కార్లలోనే పోసేవాడు.

ఈ వ్యవహారాన్ని 1950ల చివరిలో ఒక రూపానికి తెచ్చి నార్త్ అమెరికన్ రేసింగ్ టీమ్ అనే జట్టుగా నిలిపాడు. పొడి అక్షరాలతో అందరూ ‘నార్ట్’ అనేవారు. మొదట్లో జార్జ్ ఆరెంట్స్, యాన్ డి వ్రూమ్ అనే ఇద్దరు సంపన్నులు పెట్టుబడిలో తోడుగా ఉన్నారు. కనుక డబ్బున్నవాళ్ల పాత్ర లేదని నేను అనను. ఆ డబ్బుతో ఏం కొనాలో, ఎవరిని కూర్చోబెట్టాలో, ఏ నట్టు ఎంత బిగించాలో తేల్చినవాడు మాత్రం సంపన్నుడు కాదు.

ఎంజోకు ఇందులో ఉన్న లాభం తేలికగానే అర్థమవుతుంది. కంపెనీ జట్టు మూడు కార్లు దింపితే, అవి విరిగినా ఇంకో రెండు ఫెరారీలు బయటివాళ్ల ఖర్చుతో పరుగెడుతుంటాయి. గెలిస్తే పేరు ఫెరారీ కర్మాగారం ఉన్న మారనెల్లో ఊరిది, ఓడితే నష్టం గ్రీనిచ్‌ది. అలాగని ప్రైవేటు జట్టుకు కొత్త కార్లు ఇచ్చేవాడు కాదు. సాధారణంగా నిరుటి పోటీ కారు, లేదా ఈ ఏటి కారుకే కొంచెం తక్కువ రకం దక్కేది. కుండలో కూడు కుండలోనే ఉండాలి, బిడ్డ దుడ్డులా ఉండాలి అన్నట్టుండేది ఎంజో పద్ధతి. అమెరికాలో కినెట్టి తన కార్ల మీద తనకంటే ఎక్కువ సంపాదిస్తున్నాడన్న అనుమానం ఆయనకు, తన కష్టానికి విలువ లేదన్న బాధ ఈయనకు. అయినా ఒకరు లేనిదే మరొకరికి గడవదు.

నార్ట్‌లో నాకు ఎక్కువగా నచ్చేది కుర్రవాళ్లను ఎంచుకున్న తీరు. కాలిఫోర్నియా మెకానిక్ ఫిల్ హిల్‌కు తొలినాళ్లలో పోటీ ఫెరారీ దొరికినది కినెట్టి ద్వారానే. అతడు 1961లో ఫార్ములా వన్ ప్రపంచ విజేత అయ్యాడు. మెక్సికోకు చెందిన రోడ్రిగెస్ సోదరుల్లో చిన్నవాడైన రికార్డో 1960 లె మాన్‌లో, పద్దెనిమిదేళ్ల వయసులో, నార్ట్ కారుతో ఆంద్రె పిలెట్ జతగా రెండవ స్థానంలో నిలిచాడు. మరుసటి ఏడు అన్నదమ్ములిద్దరూ కలిసి నార్ట్ కారుతో కంపెనీ కార్లను రాత్రంతా తరిమి, చివరి గంటల్లో ఇంజన్ పోవడంతో ఆగిపోయారు. పారిస్ దగ్గరి మోంట్‌లెరీలో 1961, 1962 సంవత్సరాల్లో వరుసగా వెయ్యి కిలోమీటర్ల పోటీ గెలిచారు. రికార్డో 1962 నవంబరులో మెక్సికో సిటీలో, వేరే జట్టు లోటస్ కారు నడుపుతూ చనిపోయాడు. అప్పటికి అతడికి ఇరవయ్యేళ్లు. అన్న పెద్రో 1971 వరకు నిలిచి, అతడూ పోటీలోనే పోయాడు. ఆ కాలంలో ఇలా కుర్రవాళ్లను ప్రోత్సహించడం ఎంత బరువైన పనో చెప్పకుండా వదిలేస్తే చిత్రం సగమే అవుతుంది.

నార్ట్ కథలో మూడేళ్లు ఒకే దారానికి కట్టి ఉన్నాయి. ఆ దారం 250 ఎల్‌ఎం అనే కారు. 1963 చివరిలో ఫెరారీ ఈ కారును చూపించి, దీన్ని జీటీ వర్గంలో, అంటే కొనుగోలుదారులకు అమ్మే కార్ల వర్గంలో, నమోదు చెయ్యమని అడిగింది. ఆ వర్గానికి వంద కార్లు తయారుచేయాలన్నది నిబంధన. మొత్తం మీద తయారైనవి ముప్పై చిల్లర. అంతర్జాతీయ మోటారు సంఘం నిరాకరించింది, ఇటలీ మోటారు సంఘం తన పక్షాన గట్టిగా నిలబడలేదని ఎంజోకు కోపం వచ్చింది. 1964లో ఆయన తన ఇటాలియన్ పోటీ లైసెన్సును వదులుకుని, ఇటలీ ఎరుపు రంగుతో ఇక దిగనని ప్రకటించాడు. కానీ ఆ ఏటి ఫార్ములా వన్‌లో ఇంకా రెండు పోటీలు మిగిలి ఉన్నాయి, ఫెరారీ డ్రైవరు జాన్ సర్టీస్‌కు ప్రపంచ విజేత కాగల అవకాశం ఉంది. లైసెన్సు లేకుండా కార్లు ఎవరి పేరుతో దిగాలి?

కినెట్టి అమెరికా పౌరుడు, ఆయన జట్టు అమెరికన్ జట్టు. కాబట్టి వాట్‌కిన్స్ గ్లెన్‌లోనూ, అక్టోబరు 25న మెక్సికోలోనూ ఫెరారీలు నార్ట్ పేరుతో, అమెరికా రంగులైన తెలుపు, నీలంలో దిగాయి. మెక్సికోలో రెండవ స్థానం దక్కించుకున్న సర్టీస్ 40 పాయింట్లతో, గ్రాహం హిల్ 39ని ఒక్క పాయింటుతో దాటి ప్రపంచ విజేత అయ్యాడు. ఫెరారీ డ్రైవరు ఒకడు ఎరుపు కాని కారులో కిరీటం గెలవడం మారనెల్లో చరిత్రలో ఆ ఒక్కసారే. కంపెనీ తన పేరుతో నిలబడలేని రోజున అప్పు ఇవ్వగల పేరు ఉన్నవాడు కినెట్టి. ప్రైవేటు జట్టు ఎందుకు అన్న మీ సందేహానికి ఇంతకంటే మంచి జవాబు నా దగ్గర లేదు.

జీటీ వర్గం నిరాకరించిన ఆ 250 ఎల్‌ఎం గతిలేక ప్రోటోటైపుల, అంటే పోటీ కోసమే ప్రత్యేకంగా చేసిన కార్ల, మధ్య, తనకంటే బలమైన కార్లతో పోటీ పడవలసి వచ్చింది. 1965 లె మాన్‌కు ఫోర్డు భారీగా తరలివచ్చింది. ఫెరారీ కంపెనీ తన కొత్త పీ2 కార్లను దింపింది. నార్ట్ కార్లలో ఒకటి ఎల్‌ఎం, డ్రైవర్లు కళ్లజోడు పెట్టుకునే కాన్సస్ నగరవాసి మాస్టెన్ గ్రెగరీ, ఇరవై మూడేళ్ల ఆస్ట్రియా కుర్రవాడు యోఖెన్ రింట్. మొదటి గంటల్లోనే ఇగ్నిషన్ పాడై బాగా వెనుకబడ్డారు. ఇక గెలిచేది లేదని తెలిసి ఇద్దరూ దయ లేకుండా తొక్కారని, కారు విరిగితే ఇంటికి పోవచ్చు అనుకున్నారని కథ ఉంది. కారు విరగలేదు. ఫోర్డులన్నీ విరిగాయి. కంపెనీ పీ2లు బ్రేకు డిస్కుల పగుళ్లతో మొదలై ఒక్కొక్కటే ఆగిపోయాయి. ముందు సాగుతున్న పియెర్ దుమే పసుపు ఎల్‌ఎం టైరు పేలి వెనుకబడింది. చివరికి మొదటి మూడు స్థానాలూ ఫెరారీలవే, మూడూ ప్రైవేటు జట్లవే, మొదటిది నార్ట్‌ది.

ఈ సందర్భంలో ఒక వివాదం మీ కంట పడవచ్చు. రిజర్వు డ్రైవరుగా ఉన్న ఎడ్ హ్యూగస్ తాను రాత్రి కొంతసేపు ఆ కారు నడిపానని తర్వాత చెప్పాడు. అధికారిక ఫలితాల్లో మాత్రం గ్రెగరీ, రింట్ పేర్లే ఉన్నాయి. నిర్ధారణ లేని విషయం గనుక నేను అధికారిక జాబితానే పాటిస్తాను.

కార్ల రూపంలో కూడా కినెట్టి చేతి గుర్తు ఉంది. అమెరికన్లు పైకప్పు లేని కార్లు అడుగుతారని ఆయన పదేపదే పోరేవాడు. 1967లో 275 జీటీబీ4 కారును తెరచిన రూపంలో చేయించమని పట్టుబట్టి, మోడెనాలోని స్కాలియెట్టి పనిశాలలో చేయించాడు. పాతిక చేయాలనుకుని పది దగ్గర ఆగారు. వాటినే నార్ట్ స్పైడర్లంటారు. మొదటి దాన్ని ప్రదర్శనకు పెట్టకుండా నేరుగా సెబ్రింగ్ 12 గంటల పోటీకి పంపి, డెనిస్ మెక్‌క్లగేజ్, పింకీ రోలో అనే ఇద్దరు మహిళలకు అప్పగించాడు, వాళ్లు దాన్ని 17వ స్థానంలో ముగించారు. ఆనాడు పాతికమంది దొరకని ఆ కారు ఒకటి 2013లో కాలిఫోర్నియా వేలంలో 2 కోట్ల 75 లక్షల డాలర్లకు పోయింది. అదే 1967 ఫిబ్రవరిలో డేటోనా 24 గంటల పోటీలో మూడు ఫెరారీలు వరుసగా పక్కపక్కన గీత దాటిన ఛాయాచిత్రం మీరు చూసే ఉంటారు. అందులో మూడవది పెద్రో రోడ్రిగెస్, జాఁ గిషే నడిపిన నార్ట్ కారు.

1969లో ఫియట్ ఫెరారీలో సగం వాటా కొన్నాక పరిస్థితి మారింది. పెద్ద సంస్థలకు స్నేహం మీద, మాట మీద నడిచే ఏజెంట్లు గిట్టరు. 1970ల చివరికల్లా అమెరికా అమ్మకాలు కంపెనీ చేతుల్లోకి వెళ్లాయి. నార్ట్ మాత్రం 1982 వరకు లె మాన్‌లో దిగుతూనే ఉంది. కొడుకు లుయీజీ కినెట్టి జూనియర్ 1971లో బాబ్ గ్రాస్‌మన్‌తో కలిసి 365 జీటీబీ4 కారును అక్కడ ఐదవ స్థానానికి తెచ్చాడు. తండ్రి 1994 ఆగస్టు 17న గ్రీనిచ్‌లో, 93 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

కాబట్టి డ్రైవరా, యజమానా అని నన్ను ఎంచుకోమంటే, డ్రైవరుగా 1949నీ, యజమానిగా 1965నీ పక్కపక్కన పెట్టి చూడమంటాను. రెండుసార్లూ అందరికంటే వేగమైన కారు ఆయనది కాదు, రెండుసార్లూ ఆగకుండా మిగిలిన కారు ఆయనది. మొదటిది లె మాన్‌లో ఫెరారీ తొలి గెలుపు. రెండవదాని తర్వాత అక్కడ మొత్తం మీద మొదటి స్థానం కోసం ఫెరారీ 58 ఏళ్లు ఎదురుచూసింది. 2023 జూన్‌లో పియెర్ గీడి, కలాడో, జొవినాత్సీ నడిపిన 499పీ గెలిచేవరకు ఆ కాలమంతా లె మాన్ గెలిచిన చివరి ఫెరారీ ఏది అని అడిగితే వచ్చిన జవాబు కంపెనీ కారు కాదు, గ్రీనిచ్ దుకాణం పంపిన ఆ 250 ఎల్‌ఎం. చాలాకాలం ఇండియానాపొలిస్ మ్యూజియంలో ఉన్న ఆ కారును 2025 ఫిబ్రవరిలో పారిస్‌లో వేలం వేస్తే 3 కోట్ల 48 లక్షల యూరోలకు పైగా పలికింది.